ఏటి దాకా మెట్లు

రేవుపాలెం
జనవరి

ప్రియమైన చెల్లి రూబీకి,

అక్క పాపమ్మ వందనాలు. ఇక్కడ నేను, కరుణాకరం, కోడలు, మనవరాలు ఎలీషబా దేవుని దయవల్ల బాగున్నాం. నీ చెవుల్లో హోరు తగ్గిందా? ఫోను చేస్తే నీకు వినబడదు, నాకు అరిచే ఓపిక లేదు. జాబులే మేలు. నా రాత రాత్రిబడి రాత, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఈ జాబు మీ అబ్బాయి వినయ్ చేతికి ఇవ్వకుండా పోస్టులో వెయ్యడానికి ఒక కారణం ఉంది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదివి, చదివినాక చించెయ్యి.

మొన్న సోమవారం పొద్దున మన రేవు దగ్గర ఒక జీపు ఆగింది. టేపు పట్టుకున్న ఒక మనిషి, కెమెరా అబ్బాయి, ప్రశాంతి అనే ఒక అమ్మాయి దిగారు. బండి నడిపి తెచ్చింది ఎవరనుకున్నావు, మన వినయ్ కుమారే. నన్ను చూసి "పెద్దమ్మా, బాగుండావా?" అని ఒక్క కేక వేసి, స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోయాడు. నిద్రపోయేవాడి కాళ్ళు అట్ల ఊగవు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

వాళ్ళు అడివిలోనుంచి వచ్చే పాత రోడ్డు అంతా కొలుచుకుంటూ వచ్చారట. పిట్టగోడలు, కల్వర్టులు అన్నిటికీ సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. ఏటి ఒడ్డున పార్కు వస్తుందంట. ఈ రోడ్డూ, మన రేవూ అందులో కలుస్తాయంట. అందుకని ఏది పాతది, ఏది అప్పటిది అప్పటట్లనే ఉంది, ఏది తర్వాత మారింది అని చూసి రాసుకుపోతారంట. చూసి రాసుకుంటే ఊరుకుంటారా? మేకలు అడివిలోకి పోకూడదని చెప్పేముందు కూడా ఇట్లనే ఎవరో వచ్చి, నవ్వుతూ మాట్లాడి, రాసుకుని పోయారు.

ఆ అమ్మాయి నా పక్కన గట్టు మీద కూచుంది.

"అవ్వా, ఈ మెట్లు ఎవరు కట్టించినారు?"

"తెల్లదొర కట్టించినాడు. కరువు పని."

"అన్నీ దొరేనా?"

"నేను పుట్టకముందు మాట, నాకేం తెల్సు తల్లీ."

"మరి కిందివాటి రాయి వేరేగా ఉందే?"

"నీళ్ళలో నాని రంగు మారింటది."

ఆ అమ్మాయి నవ్వి రాసుకుంది. నేను చెప్పింది ఒక్క ముక్క. ఆమె రాసింది సగం పేజీ. ఆ మిగతాదంతా ఏం రాసిందో దేవునికే తెలియాలి. తర్వాత కిందికి దిగి, మనవాళ్ళు వేసిన మెట్లకు మాత్రమే సున్నాలు చుట్టి, టేపు మనిషితో "ఇవి తర్వాత చేర్చినవి" అన్నది. నేను గట్టు మీదనుంచి లేచి నిలబడ్డాను రూబీ.

నీకు తెలియనిదేముంది. పైమెట్లు దొరవి. ఏట్లో మడుగు కిందికి దిగిపోయి ఆఖరి మెట్టుకు నీళ్ళందని సంవత్సరం, బాప్తిస్మం తీసుకునే బిడ్డ ఇంటివాళ్ళు ఒక బండ తెచ్చి కింద వెయ్యడం మన సంఘం ఆచారం. నీ బాప్తిస్మం ఏట నాయన వేశాడు. సుబ్బయ్య వాళ్ళు పాత ఇంటి గడపరాయి వేశారు. సంఘపెద్ద శ్యాంసన్ మామ సిమెంటు పోయించాడు. ఈ ఈస్టరుకు మన ఎలీషబా వంతు. మడుగు మళ్ళీ దిగింది. కరుణాకరం బండ మాట్లాడి పెట్టాడు. మెట్టు పడకపోతే బిడ్డను బురదలోకి దించాలి. అదీ వద్దంటే ఎక్కడ దించాలి?

ఆదివారం ఆరాధన అయినాక అందరం కూచున్నాం. శ్యాంసన్ మామ తేల్చి చెప్పాడు. "పాతదైతే సర్కారు ముట్టుకోదు. కొత్తదైతే ఆక్రమణ అంటారు, జేసీబీ తోలుకొస్తారు. అందుకని అన్నీ దొరే కట్టినాడు. ఎవురడిగినా ఒకటే మాట." అందరం సరేనన్నాం.

ఇప్పుడు నీ పని ఒకటుంది. కింది మెట్ల సంగతి వాళ్ళకు చెప్పింది ఎవరు? మన రేవు సంగతి తెలిసి ఆ జీపులో కూచున్నది మీవాడు ఒక్కడే. గట్టిగా కాదు, అన్నం పెట్టేటప్పుడు మెల్లగా అడుగు.

నీ క్షేమం కోరే
అక్క పాపమ్మ


కురిచేడు
జనవరి

ప్రియమైన అక్కకు,

చెల్లి రూబీ వందనాలు. నీ జాబు చించలేదు. నీ రాత చించడానికి మనసొప్పలేదు, పైగా అర్థం కావడానికి రెండోసారి చదవాల్సి వచ్చింది.

వినయ్‌ను అడిగాను. నేను మెల్లగా అడిగితే నాకే వినపడదు కాబట్టి గట్టిగానే అడిగాను. "అమ్మా, వాళ్ళు మాట్లాడింది సగం ఇంగ్లీషు, మిగిలిన సగం నా నిద్రలో పోయింది" అని సైగ చేసి చెప్పాడు. వాడికి బండి బాడుగే గానీ రేవుతో ఏం పని? నీకు చిన్నప్పటినుంచీ ఇంతే అక్కా. నిన్ను చూసుకోవడానికి వచ్చిన బావను గొర్రెల దొంగ అనుకుని కుక్కను ఉసిగొల్పావు. ఆయన పోయేదాకా పిక్క మీద ఆ మచ్చ ఉండె.

ఎలీషబాకు బాప్తిస్మానికి తెల్లచీర నేనే తీస్తాను. మీరు తియ్యొద్దు.

ఒక్క సంగతి నాకు అంతుపట్టలేదు. అన్నీ దొరే కట్టాడు, తర్వాత ఎవరూ చెయ్యి పెట్టలేదు అని చెప్తే, రేపు ఎలీషబా మెట్టు ఎవరు వేసినట్టు? దొర లేచి వస్తాడా? ఆలోచించుకోండి.

నీ చెల్లి
రూబీ


రేవుపాలెం
ఫిబ్రవరి

ప్రియమైన చెల్లి రూబీకి,

అక్క వందనాలు. నువ్వు ఎగతాళి చేస్తావు గానీ, ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. వాళ్ళు మళ్ళీ వస్తారని, ఈసారి వాళ్ళ పెద్దాయన కూడా వస్తాడని కబురొచ్చింది. నువ్వడిగిన మాట నేను శ్యాంసన్ మామతో అన్నాను. "ముందు ఉన్నవి నిలబడనీ, తర్వాతది తర్వాత" అన్నాడు. నాకూ అదే నిజం అనిపించింది.

అయితే నోటితో పాతవి అంటే సరిపోదు కదా, కంటికీ పాతగా కనపడాలి. నాయన వేసిన నాపబండ తెల్లగా ఉంది, సిమెంటు బూడిదగా ఉంది, దొర మెట్లు నల్లగా పాచిపట్టి ఉన్నాయి. ఆ ఉపాయం నాదే, దాచేదేముంది. కొత్త మట్టికుండను గంజి పోసి పాతబరిచినట్టే అనుకున్నాను. ఆడవాళ్ళం అందరం చేరి గంజిలో పేడ, కుండల మసి కలిపి కింది మెట్లకు పట్టించాం. బాగా పట్టాలని సుబ్బయ్య పెండ్లాం అందులో దోసెడు ఉప్పు కూడా వేసింది. ఎండినాక చూస్తే నిజంగానే దొర మెట్లకు కవల పిల్లల్లాగా ఉన్నాయి. నాకు ఎంత నిమ్మళం కలిగిందో చెప్పలేను.

తెల్లారి జీపు వచ్చేసరికి ఊరి మేకలన్నీ రేవులో ఉన్నాయి. గంజి వాసనకో, ఉప్పుకో, వరసగా నిలబడి మెట్లు నాకుతున్నాయి రూబీ. దొర మెట్ల వైపు ఒక్కటీ పోలేదు. కింది మెట్లు మాత్రమే. గడపరాయి మీద పెద్ద మేకపోతు నిలబడి ఎవరినీ రానివ్వలేదు. నాకిన చోట బండ తెల్లగా, నాకని చోట నల్లగా, చారలు చారలుగా తేలింది.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చూశాడు. "ఈ మేకలు ఇక్కడే ఎందుకు నాకుతున్నాయి?" అన్నాడు.

"మేకల బుద్ధి సారు, చెప్పలేం" అన్నాడు శ్యాంసన్ మామ.

ఆ అమ్మాయి అటు తిరిగి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. మీవాడు జీపులో మళ్ళీ నిద్ర. ఇంత గోలలో నిద్రపోయే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత ఒక్కొక్కరిని పిలిచి అడిగారు. మేమందరం ఒకటే మాట చెప్పాం. దొర కట్టించాడు, మా తాతల నాటినుంచీ ఇంతే, ఎవరమూ ఒక రాయి కూడా కదల్చలేదు అని. సంతకాలు అడిగితే పెట్టాం. నా దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి కలం ఆపి, "అవ్వా, బాగా ఆలోచించుకుని చెప్పు. ఎవరూ ఏమీ వెయ్యలేదా?" అన్నది. అంత నెమ్మదిగా అడిగిందంటే ఏదో ఉచ్చు ఉందనుకున్నాను. "ఎవురూ వెయ్యలే" అన్నాను.

ఆమె మొహం ఎందుకో చిన్నబోయింది. ఉచ్చులో పడలేదనే కదా. నేను గెలిచాననుకున్నాను.

నీ క్షేమం కోరే
అక్క పాపమ్మ


కురిచేడు
ఫిబ్రవరి

అక్కకు,

మేకల సంగతి చదివి నవ్వాను. కింద సంతకాల సంగతి చదివినాక నవ్వు పోయింది.

నాయన ఆ బండ ఎట్ల తెచ్చాడో మర్చిపోయావా? గనిలోనుంచి బాడుగ బండి మీద తెస్తుంటే కల్వర్టు దగ్గర ఇరుసు విరిగింది. అక్కడినుంచి అమ్మా నాయనా తాటిమొద్దుల మీద దొర్లించుకుంటూ ఏటి దాకా తెచ్చారు. నాయన ఎడమచేతి వేలు దాని కింద నలిగింది. ఆ వేలితోనే నన్ను చెయ్యి పట్టుకుని మెట్టు మీదికి దించాడు. "జాగర్త బిడ్డా, ఇది నీది" అన్నాడు. నాకు ఇప్పుడు ఏ మాటా వినపడదు. ఆ మాట ఒక్కటి వినపడుతుంది.

దాన్ని నువ్వు దొరకు ఇచ్చేశావు. సంతకం పెట్టి మరీ ఇచ్చావు.

నీకు తేలికే అక్కా. నీ ఏట మడుగు నిండుగా ఉండె. నీ కోసం ఎవరూ బండ మొయ్యలేదు. నీకు మెట్టు లేదు, కాబట్టి పోగొట్టుకునేదీ లేదు.

రూబీ


రేవుపాలెం
మార్చి

ప్రియమైన రూబీకి,

అక్క వందనాలు. నీ జాబు చదివి రెండు పూటలు అన్నం తినలేదు. నాకు మెట్టు లేదన్నావు. అది నా తప్పా? ఆ ఏట వానలు పడడం నా తప్పా? నేను చేసింది నా కోసం కాదు, ఎలీషబా కోసం. జేసీబీ వస్తే నీ మెట్టు కూడా పోయేదే కదా.

జేసీబీ రాలేదు. దానికంటే చెడ్డది వచ్చింది. రేవు చుట్టూ ఇనుప కంబాలు పాతి తీగ కట్టారు. ఒక బోర్డు పెట్టారు. ఎలీషబా చదివి చెప్పింది. ఇది పాత కట్టడం, కట్టిన నాటినుంచీ ఎటువంటి మార్పూ లేకుండా ఉన్నది, ఇందులో ఏదీ తీయరాదు, ఏదీ చేర్చరాదు అని.

చేర్చరాదంట రూబీ.

నిన్న కరుణాకరం ట్రాక్టర్లో బండ తెచ్చాడు. కాపలా మనిషి ఆపేశాడు. "మీరే గదా ఎప్పుడూ ఏదీ కదల్చలేదని సంతకాలు పెట్టింది? ఇప్పుడు కొత్త రాయి ఏంది?" అన్నాడు. కరుణాకరం బండ దారి పక్కన దించి వచ్చాడు. దాని మీద ఇప్పుడు కాపలా మనిషి కూచుని బీడీ తాగుతున్నాడు.

మడుగు ఇంకా దిగింది. ఆఖరి మెట్టు కింద బురద, ఆ తర్వాత నీళ్ళు. ఈస్టరు దగ్గరపడుతోంది. పాస్టరు అయ్యగారు ఈ సంవత్సరానికి బాప్తిస్మం ట్యాంకులో ఇప్పిద్దామా అన్నాడు. ఎలీషబా ఏడ్చింది.

ఆ కంబాలు పాతేటప్పుడు మీ వినయ్ కూడా ఒక చెయ్యి వేశాడు. నా కళ్ళతో చూశాను. ఇప్పుడు కూడా వాడికేమీ తెలియదంటావా? ఇంటి మనిషే ఇంటి గుట్టు మోస్తే ఇక బయటివాళ్ళను అనుకోవడం ఎందుకు. నువ్వు వాడికి చెప్పలేకపోతే నేనే నలుగురిలో అడుగుతాను. తర్వాత నన్ను అనొద్దు.

అక్క
పాపమ్మ


రేవుపాలెం
ఏప్రిల్

ప్రియమైన నా చెల్లి రూబీకి,

అక్క వందనాలు. నా పోయిన జాబుకు నువ్వు జవాబు రాయలేదు. రాయకూడదు కూడా. అయినా ఇది చదువు.

మొన్న మంగళవారం జీపు వచ్చింది. వినయ్ నన్ను చూసి పెద్దమ్మా అనలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. నా జాబు చదివాడో, నువ్వే చెప్పావో. వాడు నా ఒడిలో పెరిగినవాడు రూబీ. తిడితే ఓర్చుకునేదాన్ని.

ఆ అమ్మాయి ప్రశాంతి ఒక్కతే కంచె చూడడానికి వచ్చింది. నేను పోయి తీగ అవతల నిలబడ్డాను. ఏం చెప్పాలనుకుని పోయానో నాకే తెలియదు. నోట్లోనుంచి నాయన బండ వచ్చింది. ఇరుసు విరిగింది, తాటిమొద్దులు, నలిగిన వేలు, నీ ఏట బాప్తిస్మం, అన్నీ చెప్పేశాను. ఆమె రాసుకోలేదు. వింటూ కూచుంది.

"నాకు తెలుసవ్వా" అన్నది.

"ఎవురు చెప్పినారు? మా వినయేనా?"

"రాయిని చూస్తే తెలుస్తుంది. తెలియకపోయినా మీ మేకలు చెప్పినాయి. మీ వినయ్‌ను మొదటిరోజే అడిగినాను. ఒక్క ముక్క చెప్పలేదు. 'అది మా పెద్దమ్మ వాళ్ళు చెప్పాల్సిన మాట మేడం, నేను చెప్పకూడదు' అన్నాడు. నేను మళ్ళీ అడుగుతానని జీపు ఆగితే చాలు నిద్రపోతాడు."

తీగ పట్టుకున్నాను.

"తెలిసీ, ఎవురూ ముట్టుకోలేదని ఎందుకు రాసినావు తల్లీ? కంచె ఎందుకు వేయించినావు?"

"రాయి కొత్తదని నేను చెప్పగలను. ఎవరు వేసినారో, ఎందుకు వేసినారో రాయి చెప్పదు కదా. ఎవరిదో తెలియని రాయి అయితే తీసెయ్యమంటారు మా పెద్దవాళ్ళు. అందుకే ఇంటింటికీ తిరిగి అడిగినాను. మీరందరూ ఒకటే మాట మీద నిలబడితిరి. ఇంక నేనేం చేసేది? మీ మాటే రాసి, తీయకుండా కంచె వేయించినాను. ఎప్పుడన్నా ఎవరో ఒకరు చెప్తారని చూస్తా ఉండాను."

నేను ఉచ్చు అనుకున్నది అదీ రూబీ.

శ్యాంసన్ మామ ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. "ఒకసారి అబద్ధం చెప్పినోళ్ళ నిజం ఎవురు నమ్ముతారు?" అంటాడు. ఆ మాటా నిజమే. శుక్రవారం పెద్దాయన వచ్చి అదే అడిగాడు. అప్పుడు మెట్లన్నీ దొరవని సంతకాలు పెట్టారు, ఇప్పుడు మావి అంటున్నారు, రేపు ఇంకేమంటారు అని.

నాకు మాట్లాడడం రాదు. భయపడడమే వచ్చు. మాట్లాడలేక, తీగ కింద దూరి, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ దిగి నాయన బండ మీద నిలబడ్డాను. "ఇది మా నాయన వేసింది. మా చెల్లెలు రూబీది. ఆమె కురిచేడులో ఉంటది, అందుకని నేను నిలబడినా" అన్నాను.

కొంచెం సేపటికి సుబ్బయ్య పెండ్లాం వచ్చి గడపరాయి మీద నిలబడింది. "మా పాతింటి గడప. నేను కాపరానికి వచ్చినప్పుడు తొక్కింది ఇదే" అన్నది. ఆ తర్వాత ఒక్కొక్కరే దిగారు. ఎవరింటి మెట్టు మీద వాళ్ళు. ఎవరూ ఎవరినీ నువ్వక్కడ, నేనిక్కడ అని అడగలేదు. పిల్లలు కూడా తడుముకోలేదు. శ్యాంసన్ మామ తన సిమెంటు మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన దాన్ని చూసి మూతి ముడిచాడు.

ఆఖరున ఎలీషబా వచ్చింది. మెట్లన్నీ దాటి పోయి, మెట్టు లేని చోట, పిక్కల దాకా బురదలో నిలబడింది.

"ఆ పాప అక్కడికి ఎందుకు పోయింది?" అన్నాడు పెద్దాయన.

"అది ఆమె జాగా సారూ" అన్నాను.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "కట్టడం పూర్తయిందని రాసినాం. ఇంకా కాలేదన్నమాట" అన్నాడు.

ఏటి వైపు తీగ విప్పించారు. బోర్డు కూడా మార్చి రాస్తారంట. సిమెంటు వద్దు, రాయి అయితే వేసుకోండి, వేసినప్పుడల్లా చెప్పండి అన్నారు. కాపలా మనిషి బీడీ ఆర్పేసి, కరుణాకరం బండను దొర్లించడానికి ఒక చెయ్యి వేశాడు. నేను వినయ్ దగ్గరికి పోయి, "నాయనా, పెద్దమ్మను పలకరించవా?" అన్నాను. "పలకరిస్తే మళ్ళీ దేనికని అనుమానపడ్తావు" అన్నాడు. కానీ దిగి వచ్చాడు. కంబాలు ఎందుకు పాతావని అడిగితే, ఎవడో పాతితే నాపబండకు దెబ్బ తగులుతుందని తానే జరిపి పాతించాడంట.

నా మనసులో ఉన్నది ఒకటి నీకే రాస్తున్నాను. ఇంట్లో చెప్తే మళ్ళీ మొదలుపెట్టిందంటారు. ఆరోజు నాయన బండ మీద నిలబడి పైకి చూశాను, కిందికి చూశాను. పైన దొర మెట్ల దగ్గరినుంచి మన మనుషులందరూ వరసగా, చివర బురదలో ఎలీషబా. ఆ అమ్మాయి ఫొటోలు తీసుకుంటూ, "ఎంత బాగుందో చూడవ్వా, ఎంతమంది చేతులో" అని మురిసిపోయింది. నాకు మాత్రం వేరే కనిపించింది. నేను బాప్తిస్మంలో మునిగి లేచిన చోటు నా తలకు ఎంతో పైన, ఎండలో ఉంది. నీళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో మనుషులను నిలబెట్టి కొలిచినట్టు ఉంది. ఇన్నాళ్ళూ జీపులను అనుమానించాను, ఆ ఆడబిడ్డను అనుమానించాను, వినయ్‌ను అనుమానించాను. ఏటిని ఒక్కరోజు అనుమానించలేదు. మెట్టు వేసుకుంటే చాలు, అది అక్కడే ఉంటుందనుకున్నాను.

ఎలీషబా బండ పడింది. దాని మీద నిలబడితే నీళ్ళు మోకాళ్ళ దాకానే వస్తున్నాయి. అయ్యగారు పిల్లను కూచోబెట్టి ముంచుతానంటున్నాడు.

ఈస్టరుకు ముందే రా. చీర నువ్వే తెస్తానన్నావు, తెచ్చి నీ చేత్తోనే ఇవ్వు. వచ్చి నీ మెట్టు మీద నువ్వు నిలబడు, దాని మీద నిలబడే హక్కు నాకు లేదు. నేను ఒడ్డున కూచుని, ఏటికి కాపలా కాస్తాను.

నీ మీద ప్రాణం పెట్టుకున్న
అక్క పాపమ్మ